చిన్న కంపెనీ వాచీని ఎంచుకోవడం, పరీక్షించడం, దాని గురించి రాయడం ఎలా

హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ఒక మెకానిక్ ముందు నా వాచీ పెట్టాను. కస్టమ్స్‌తో కలిపి నలభై వేలు దాటిన వాచీ. డయల్ మీద పేరేమిటో ఆయన చూడను కూడా లేదు. వెనక మూత తిప్పి, కంటికి భూతద్దం బిగించుకుని రెండు క్షణాలు పరికించి, "సీకో మెషిన్ హై సాబ్" అని మూత మళ్లీ పెట్టేశాడు. నాకు కాస్త మనసు చివుక్కుమంది. ఇంటికొచ్చేసరికి ఆయన మాటే సరైనదనిపించింది.

ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టి, విడతకు కొన్ని వందల వాచీలు మాత్రమే చేయించే కంపెనీల్ని మైక్రోబ్రాండ్లు అంటున్నారు. వీటిలో చాలావరకు మెషిన్‌ని, అంటే లోపల ముల్లుల్ని నడిపే యంత్రాన్ని, సొంతంగా చేసుకోవు. జపాన్‌లో సీకో నుంచో, సిటిజన్ వాళ్ల మియోటా నుంచో, స్విట్జర్లాండ్‌లో సెల్లిటా నుంచో కొంటాయి. కేస్, ముల్లులు, చెయిన్ చాలాసార్లు చైనాలోని ఫ్యాక్టరీల్లో తయారవుతాయి. మరి కంపెనీ సొంతంగా చేసిందేమిటి? డయల్ గీసింది, కొలతలు నిర్ణయించింది, వచ్చిన సరుకుని పరీక్షించింది, లేదా పరీక్షించకుండానే పంపేసింది. మీరు డబ్బు పెట్టేది ఈ భాగానికే. కొనేటప్పుడూ రాసేటప్పుడూ తూచాల్సిందీ దీన్నే.

ముందు ఇంట్లో బీరువా వెతకండి

మొదటి మెకానికల్ వాచీ, అంటే బ్యాటరీ లేకుండా స్ప్రింగ్‌తో నడిచేది, కొనకండి. నాన్నదో తాతదో హెచ్‌ఎంటీ ఏదైనా ఉందేమో చూడండి. హెచ్‌ఎంటీ 1961లో సిటిజన్ సాయంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. జనతా, పైలట్, సోనా, కోహినూర్ అని ఇంటింటికీ తెలిసిన పేర్లు. వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. పెళ్లిలో పెట్టారనో, రిటైర్మెంట్‌కి ఇచ్చారనో ఒకటి బీరువా లాకర్లో పడి ఉండే అవకాశం ఎక్కువ.

దాన్ని సర్వీసింగ్ చేయించి నెలరోజులు పెట్టుకోండి. రోజూ ఒకే వేళకి కీ ఇవ్వండి. స్ప్రింగ్ నిండగానే వేళ్లకి అడ్డం తగులుతుంది, అక్కడ ఆపేయండి. పడుకునేముందు చెవి దగ్గర పెట్టుకుని వినండి: జనతా సెకనుకి 5 టిక్కులు కొడుతుంది, అంటే గంటకి 18,000. ఈ నెల రోజుల్లో రెండు సంగతులు తేలిపోతాయి. రోజూ కీ ఇవ్వడం మీకు ముచ్చటగా ఉందా, విసుగ్గా ఉందా? రోజుకి అర నిమిషం తేడా వస్తే మీరు భరించగలరా? రెండోదానికి "లేదు" అనిపిస్తే బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ కొనుక్కుని హాయిగా ఉండండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంట్లో లేకపోతే కొనొచ్చు గానీ, కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోయే పాత హెచ్‌ఎంటీల జోలికి వెళ్లకండి. ఆ మెరుపు డయల్‌కి మళ్లీ రంగేసి, మూడు నాలుగు వాచీల భాగాలు కలిపి బిగించడం వల్ల వచ్చిందే అయ్యుంటుంది.

మెషిన్ల పేర్లు నాలుగు చాలు

సీకో ఎన్‌హెచ్35: సెకనుకి 6 టిక్కులు, నిండా కీ ఇస్తే 41 గంటలు నడుస్తుంది. రోజుకి 20 సెకన్లు వెనకబడటం నుంచి 40 సెకన్లు ముందుకెళ్లడం దాకా మామూలేనని సీకో కాగితమే చెబుతుంది. మందం 5.32 మిల్లీమీటర్లు. ఈ వాచీలు చాలావరకు ఎందుకు లావుగా ఉంటాయో ఈ అంకెలోనే ఉంది.

మియోటా 9015: సెకనుకి 8 టిక్కులు, 42 గంటలు, −10 నుంచి +30 సెకన్లు, మందం 3.9 మిల్లీమీటర్లే. చెయ్యి కదిలితే లోపల తిరిగే బరువు, అంటే రోటర్, ఒకవైపు తిరిగినప్పుడే స్ప్రింగ్‌కి కీ ఎక్కుతుంది. రెండోవైపు ఖాళీగా గిర్రుమని తిరుగుతుంది. నిశ్శబ్దంగా ఉన్న మీటింగ్ రూములో చెయ్యి విదిలిస్తే పక్కవాళ్లకి కూడా వినబడుతుంది. కొందరికి అదో ఆట, కొందరికి చిరాకు.

సెల్లిటా ఎస్‌డబ్ల్యూ200: ఈటీఏ 2824 అనే పాత స్విస్ మెషిన్ ఒరవడిలో చేసింది. 8 టిక్కులు, 4.6 మిల్లీమీటర్లు. స్టాండర్డ్, స్పెషల్, ప్రీమియం, క్రోనోమీటర్ అని నాలుగు తరగతుల్లో వస్తుంది. "స్విస్ మెషిన్" అని ఊదరగొట్టి తరగతి చెప్పని కంపెనీని ఆ ప్రశ్న అడగండి. నాలుగోది చైనా సీగల్ ఎస్‌టీ19, కీ ఇచ్చే క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్నది. అందంగా ఉంటుంది, కానీ మొదటి వాచీగా వద్దు.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి నా సలహా ఎన్‌హెచ్35 లేదా మియోటా. పాడైతే విప్పి బాగుచేయడం కన్నా మెషిన్ మొత్తం మార్చేయడమే చవకగా తేలుతుంది. ఆ పని అబిడ్స్‌లోనైనా సికింద్రాబాద్‌లోనైనా అనుభవమున్న మెకానిక్ ఎవరైనా చేయగలరు.

మణికట్టు కొలుచుకోండి

కేస్ వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లని అందరూ అడుగుతారు. అసలు అడగాల్సింది పట్టీ బిగించే కొమ్ములు, అంటే లగ్స్, ఈ కొస నుంచి ఆ కొసకి ఎంత పొడవని. స్కేలు మణికట్టు మీద అడ్డంగా పెట్టి చదునుగా ఉన్న మేర చూడండి. లగ్స్ పొడవు దానికన్నా తక్కువ ఉండాలి. అట్టముక్కని ఆ కొలతకి కత్తిరించి రబ్బరుబ్యాండుతో కట్టుకుని అద్దంలో చూసుకుంటే ఇంకా మేలు.

నేను కట్టుకోలేదు. 42 మిల్లీమీటర్లే కదా అని తెప్పించాను. లగ్స్ 51. "ఇది చేతికా, హాల్లో గోడకా?" అంది మా ఆవిడ. ఆరు వారాలకి అమ్మేశాను.

డబ్బు కట్టేముందు

రూపాయల్లో కొనగలిగేవి ముందు చూడండి. బెంగళూరు వాచ్ కంపెనీ మిగ్-21 విమానం స్ఫూర్తితో వాచీ చేసింది. జైపూర్ వాచ్ కంపెనీ పాత నాణేల్ని డయళ్లలో పొదుగుతుంది. నచ్చినా నచ్చకపోయినా వీళ్లతో సుంకం గొడవ ఉండదు, వారంటీకి వాచీ సముద్రం దాటి వెళ్లక్కర్లేదు.

విదేశం నుంచి తెప్పిస్తే సుంకం వాచీ ధర మీద మాత్రమే కాదు, రవాణా, ఇన్సూరెన్సు ఖర్చులు కలిపిన మొత్తం మీద పడుతుంది. ఆ పైన జీఎస్టీ. రేట్లు బడ్జెట్‌కి ఒకలా మారుతుంటాయి కాబట్టి కొనే రోజున చూసుకోండి. నేనైతే ధరలో సగం పక్కన పెట్టుకుని కూర్చుంటాను, మిగిలితే పట్టీ కొనుక్కోవచ్చు. కొరియర్ వాళ్లు ఆధార్, పాన్ లాంటి కాగితాలు అడుగుతారు, సిద్ధంగా ఉంచుకోండి. "గిఫ్ట్ అని రాసి ధర తగ్గించి పంపు" అని అమ్మేవాణ్ని అడగొద్దు. అది నేరం. పైగా పార్శిల్ దారిలో పోతే ఇన్సూరెన్సు కూడా ఆ తగ్గించిన ధరకే వస్తుంది. ఇంకో మాట: వాచీ వెనక్కి పంపితే కంపెనీ తన డబ్బు తిరిగిస్తుంది గానీ, మీరు కట్టిన సుంకం ఇవ్వదు.

కొనేముందు కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి. మెషిన్ ఏ తరగతిది? పంపేముందు టైము నడక మీరు సరిచేస్తారా, అయితే వాచీని ఎన్ని భంగిమల్లో పెట్టి? అద్దం, క్రౌన్ (కీ ఇచ్చే బొడిపె), బెజెల్ (అద్దం చుట్టూ ఉండే కట్టు) విడిగా అమ్ముతారా? వారంటీలో రానూపోనూ ఖర్చు ఎవరిది? జవాబు ఎన్ని రోజులకి వచ్చిందో కూడా రాసుకోండి. డబ్బు తీసుకోకముందే పది రోజులు పలకనివాళ్లు తీసుకున్నాక పలుకుతారనే ఆశ పెట్టుకోకండి.

ముందస్తు బుకింగుల సంగతి క్లుప్తంగా: ధర తగ్గుతుంది, వాచీ ఆలస్యమవుతుంది, బొమ్మలో చూసిన రంగు చేతికొచ్చిన రంగు కాదు. మొదటి వాచీ ఇలా కొనకండి.

వచ్చిన రోజు సాయంత్రం

పెట్టె కత్తిరించే దగ్గర్నుంచి ఆపకుండా ఫోన్‌లో వీడియో తీయండి. స్టిక్కర్లు పీకకండి. కిటికీ దగ్గర కూర్చుని పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం తీసుకోండి.

క్రౌన్ లాగి ముల్లుల్ని సరిగ్గా 12 గంటలకి తిప్పండి. చిన్న ముల్లు పెద్ద ముల్లు కింద పూర్తిగా దాక్కోవాలి. తర్వాత 6 గంటలకి తిప్పితే రెండూ ఒకే గీతలో నిలబడాలి. డయల్ మీద దుమ్ము, అంకెల అంచుల్లో రంగు పొంగడం, ముల్లుల కొసల్లో గీతలు చూడండి. తిరిగే బెజెల్ ఉంటే దాని మీది చుక్క 12కి ఎదురుగా నిలవాలి. తేదీ ఎన్ని గంటలకి మారుతుందో చూడండి. కేస్ అంచు మీద బొటనవేలు నెమ్మదిగా పోనివ్వండి, ఎక్కడైనా గీరుకుంటే రాసుకోండి. క్రౌన్ మరతో బిగించేదైతే ముందు వెనక్కి తిప్పి మర కూర్చున్నట్టు తెలిశాకే ముందుకి బిగించండి. ఈ అలవాటు లేనివాళ్లే మరలు అరగదీస్తారు. వీటిలో ఏ ఒక్కటీ సీకో చేసిన పనో మియోటా చేసిన పనో కాదు, అన్నీ కంపెనీ బాధ్యతే. అందుకే ఈ గంట ముఖ్యం.

ఒక వాచీకి బెజెల్ అర క్లిక్కు పక్కకి ఉంది. ఫొటో పెట్టి రాస్తే "అది అనుమతించిన పరిధిలోనే ఉంది" అని జవాబొచ్చింది. పరిధి ఎంతని అడిగాను. ఇప్పటికీ జవాబు లేదు. రివ్యూలో ఆ ఫొటో, ఆ జవాబు పక్కపక్కన పెట్టాను, విశేషణాలేవీ అవసరం పడలేదు.

తేదీ గురించి ఒక హెచ్చరిక. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా తేదీ పళ్లచక్రం పట్టులో ఉంటుంది. ఆ వేళ క్రౌన్‌తో తేదీ గబగబా మారిస్తే పన్ను విరగొచ్చు. కొత్త వాచీ వచ్చిన ఉత్సాహంలో రాత్రి పదకొండింటికి నేను చేసిన పని అదే. ముందు ముల్లుల్ని 6 దగ్గరికి దింపి, నిన్నటి తేదీ పెట్టి, ఆ తర్వాత గంటలు ముందుకి తిప్పుతూ ఇవాళ్టికి రండి.

పద్నాలుగు రోజుల నోటుబుక్కు

అంతా ఇక్కడే తేలుతుంది, కాబట్టి తొందరపడకండి. ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొనండి. వాచీకి నిండా కీ ఇచ్చి, సెకన్ల ముల్లు ఆపి, ఫోన్ సమయానికి కలపండి. రోజూ ఒకే వేళకి, నాకైతే పొద్దున కాఫీకి ముందు 7 గంటలకి, ఎన్ని సెకన్లు ముందుందో వెనకుందో రాయండి. రాత్రి ఎలా పడుకోబెట్టారో, ఆ రోజు పెట్టుకున్నారో లేదో పక్కన రాయండి. రోజుకి 86,400 సెకన్లు. పది సెకన్ల తేడా అంటే 8,640లో ఒక వంతు. ఈ లెక్క గుర్తుంటే అనవసరంగా కోపం రాదు.

నా బుక్కులో ఒక వారం ఇలా ఉంది: మంగళవారం +9, బుధ +17, గురు +26, శుక్ర +34, శని +42, ఆది +51, సోమ +71. ఆరు రోజులు రోజుకి 8, 9 చొప్పున పోయింది, ఆఖరి రోజు ఒక్కసారే 20. ఆదివారం పొద్దున అంకె రాసి వాచీని టేబుల్ మీద వదిలేశాను. రోటర్ తిరగక స్ప్రింగ్ వదులైంది, లోపల బ్యాలెన్స్ చక్రం ఊగే వెడల్పు తగ్గింది, అప్పుడే మెషిన్‌లో ఉన్న చిన్న చిన్న తప్పులు బయటపడతాయి. మొదటి ఆరు అంకెలు మాత్రం నాకు ఎంతో నచ్చాయి. రోజూ +9 వెళ్లే వాచీని మెకానిక్ ఐదు నిమిషాల్లో సరిచేస్తాడు. ఒకరోజు +2, ఇంకోరోజు −11 వెళ్లేదాన్ని ఎవరూ అంత తేలిగ్గా సరిచేయలేరు. సగటు కన్నా నిలకడ ముఖ్యం. రివ్యూలో సగటు ఒక్కటే రాస్తే చదివేవాళ్లకి సగం దాచినట్టే.

రెండో వారం రాత్రుళ్లు భంగిమలు మార్చండి: ఒకరోజు డయల్ పైకి, ఒకరోజు క్రౌన్ పైకి, ఒకరోజు క్రౌన్ కిందికి. ఏదో ఒక భంగిమలో వాచీ నెమ్మదిస్తుంది. పగలు ముందుకెళ్లే వాచీని రాత్రి ఆ భంగిమలో పడుకోబెడితే లెక్క సరిపోతుంది.

కీ ఎన్ని గంటలు నిలుస్తుందో చూడటానికి రాత్రంతా మేలుకోవద్దు. శుక్రవారం రాత్రి నిండా కీ ఇచ్చి, గంట రాసుకుని, అల్మారాలో పెట్టేయండి. ఆగిన వాచీయే ఎప్పుడు ఆగిందో చూపిస్తుంది. ఏ రోజన్నది తేదీ గడిలో తెలుస్తుంది. ముల్లుల్ని ముందుకి తిప్పుతూ మొదటి 12కే తేదీ మారిందా, రెండో 12కా అని చూస్తే పగలా రాత్రా అన్నదీ తెలిసిపోతుంది.

ఫోన్ మైక్‌తో టిక్కులు కొలిచే యాప్‌లున్నాయి, అదే పని చేసే చిన్న టైమ్‌గ్రాఫర్ యంత్రం కూడా కొనుక్కోవచ్చు. లిఫ్ట్ యాంగిల్ (మెషిన్‌ని బట్టి మారే ఒక కోణం) అడిగినచోట ఎన్‌హెచ్35కి 53, మియోటా 9015కి 51, ఎస్‌డబ్ల్యూ200కి 50 ఇవ్వండి. ఆ అంకె తప్పుగా ఇస్తే రోజువారీ తేడా సరిగ్గానే వస్తుంది గానీ, బ్యాలెన్స్ ఊపు అంకె తప్పుగా వస్తుంది. ఆ తప్పు అంకె చూసి "మెషిన్ నీరసంగా ఉంది" అని రాసేవాళ్లు బోలెడుమంది.

వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాల లెక్కన పరుగెడుతుంటే ముందు అయస్కాంతాన్ని అనుమానించండి. ఫోన్ కవరు, హ్యాండ్‌బ్యాగు బటన్, స్పీకరు, ఏదైనా కావచ్చు. మెకానిక్ దగ్గర డీమ్యాగ్నెటైజర్ ఉంటే నిమిషం పని.

ఊరికి తగ్గ పరీక్షలు

ముల్లుల మీద చీకట్లో మెరిసే రంగు ఎంతసేపు నిలుస్తుందో చూడాలంటే మ్యాట్నీకి వెళ్లండి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఎండలో నిలబడి, చెయ్యి ఎండకి చూపించి, హాల్లోకి వెళ్లి కూర్చోండి. దీపాలు ఆర్పగానే ఒకసారి, ఇంటర్వెల్‌కి ముందు ఒకసారి, శుభం కార్డు ముందు ఒకసారి చూడండి. నీలంగా వెలిగేది బీజీడబ్ల్యూ9, ఆకుపచ్చగా వెలిగేది సీ3 అనే రకం పూత అయ్యుంటుంది. మూడోసారి కూడా టైము చదవగలిగితే మంచి పూత వేశారన్నమాట. సినిమా బాగుంటే రెండోసారి చూడటం మర్చిపోతారు, అది వేరే సంగతి.

అద్దం నీలమణి, అంటే శాఫైర్ అయి ఉండాలని ఇక్కడ పట్టుబట్టడానికి కారణముంది. మనది గ్రానైటు ఊరు, ఎటు చూసినా కట్టడాల దుమ్ము. గ్రానైటులోని క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలతలో 7, శాఫైర్‌ది 9. మామూలు మినరల్ గాజు 7కన్నా మెత్తన, ఆ దుమ్ముతో తుడిస్తే గీతలే. కేస్ స్టీలు కూడా మెత్తనిదే, దాని గీతలకి అలవాటు పడాలి.

మే నెలలో ఒకసారి చెయిన్‌తో, ఒకసారి గుడ్డ పట్టీతో బండి మీద గచ్చిబౌలి దాకా వెళ్లి రండి. మధ్యాహ్నానికి మణికట్టు ఉబ్బుతుంది. చెయిన్ కొక్కెం దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లు వదులు చేసుకునే వీలుందా? వెంట్రుకలు లాగుతోందా? "30 మీటర్లు" అని ఉన్న వాచీ చేతులు కడుక్కునేటప్పటి చిందులకే, ఈతకి కాదు. వానాకాలం బండి నడిపేవాళ్లు 100 మీటర్లు, మర బిగించే క్రౌన్ చూసుకోండి. గీజర్ నీళ్ల స్నానానికి మాత్రం ఏ వాచీ అయినా తీసేయండి.

ఈ పద్నాలుగు రోజుల్లో ఒక పూట, శుక్రవారం సెలవు కాబట్టి అది కాకుండా, సాలార్‌జంగ్ మ్యూజియం వెళ్లి మధ్యాహ్నం 12కి కుక్ అండ్ కెల్వీ గడియారం ముందు జనంలో నిలబడండి. చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొడతాడు. పరీక్షకేం కాదు. ఇంట్లో పిల్లలు "ఇన్ని వాచీలెందుకు?" అని అడిగితే చెప్పలేకపోయిన జవాబు నాకు అక్కడ కొంత సులువైంది.

ఫొటోలు, రాత

ఫొటోలకి పొద్దున నీడపట్టు బాల్కనీ చాలు. రింగు లైటు వద్దు, అద్దంలో సున్నా కనబడుతుంది. ఫోన్ చేతికి దగ్గరగా పెడితే వాచీ పళ్లెమంత కనిపిస్తుంది. దూరం జరిగి రెండింతల జూమ్ పెట్టండి.

రాసేముందు కాగితాన్ని రెండుగా మడవండి. ఎడమవైపు కంపెనీ కొనుక్కొచ్చింది, కుడివైపు కంపెనీ చేసింది. మెషిన్ పేరు, టిక్కులు, గంటలు ఎడమవైపు. అవి రెండు వాక్యాలకి మించొద్దు, అదే మెషిన్ ఉన్న వంద వాచీలకి అవే మాటలు. ముల్లుల అమరిక, డయల్ ముగింపు, లగ్స్ వంపు, క్రౌన్ పట్టు, మెయిల్‌కి జవాబు, పంపేముందు సరిచేశారా లేదా, ఇవి కుడివైపు. రివ్యూ అంతా ఇక్కడినుంచే రావాలి. ఎన్‌హెచ్35 పెట్టి మొత్తం మందం 11 మిల్లీమీటర్ల లోపు కుదించారంటే మెచ్చుకోండి. మియోటా 9015 పెట్టి కూడా 13 చేశారంటే ఎందుకని అడగండి.

వాచీ ఊరికే ఇచ్చారా, అరువిచ్చారా, మీ డబ్బుతో కొన్నారా అన్నది మొదటి పేరాలోనే చెప్పండి. "ప్రీమియం", "అద్భుతం" లాంటి మాట రాసినప్పుడల్లా దాన్ని కొట్టేసి, అది మీకెందుకు తట్టిందో ఆ సంగతి రాయండి. సన్నని మణికట్టున్న చెల్లెలికో, చత్వారం వచ్చిన నాన్నకో రెండు రోజులిచ్చి వాళ్లేమన్నారో వాళ్ల మాటల్లోనే పెట్టండి. నా వాచీల్లో ఒకదాని డయల్ గురించి నేను మూడు పేరాలు రాశాను. "టైము కనబడట్లేదురా" అన్నారు మా నాన్న.

ఆరు నెలలకి మళ్లీ నాలుగు లైన్లు చేర్చండి. కొత్తలో ఎవరైనా పొగుడుతారు.

మెకానిక్, ఆ తర్వాత

కొత్త వాచీ ఆగిపోయాక మెకానిక్ కోసం వెతకొద్దు. ముందే మీ హెచ్‌ఎంటీ ఇచ్చి చూడండి. మూత మీద కొత్త గీతలు పడ్డాయా, మార్చిన భాగాలు చిన్న కవరులో తిరిగిచ్చాడా, చెప్పిన రోజుకి ఇచ్చాడా? ఒక షాపులో నాకు వాచీ తిరిగొచ్చింది, దాని అసలు క్రౌన్ మాత్రం రాలేదు. ఇచ్చేముందు నాలుగువైపులా ఫొటోలు తీసి, రసీదు మీద మెషిన్ పేరు రాయించుకోవడం అప్పటినుంచి మొదలుపెట్టాను.

పెట్టెలో ఆరుకి మించి ఉంచుకోను. ఏడోది రావాలంటే నోటుబుక్కులో మూడు నెలలుగా పేజీ తెరవని వాచీ బయటికి వెళ్లాలి. అమ్మేటప్పుడు ఆ వాచీ పేజీలన్నీ, ఆదివారం నాటి +20తో సహా, ఫొటో తీసి కొనేవాళ్లకి ముందే పంపిస్తాను. అలా అమ్మిన రెండింటికీ ఎవరూ బేరమాడలేదు. ఒకాయన మాత్రం వాచీతోపాటు ఆ నోటుబుక్కు పేజీలు కూడా చించి ఇమ్మన్నాడు.